ఎవరికే ఆయ్ అంటున్నావు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. నాకు చదువు వయసు మళ్లాక వచ్చింది. ఒత్తు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది. ణ ఎక్కడ రాయాలో, న ఎక్కడ రాయాలో ఇప్పటికీ మనవరాలిని అడుగుతాను. నాకు పేజీ నిండడానికి చాలాసేపు పడుతుంది. నెమ్మదిగా రాసినదాన్ని మీరూ నెమ్మదిగా చదువుకోండి.

సినిమా మనూళ్లోనే వేస్తున్నామని క్రిస్టీనా వచ్చి చెప్పిన దగ్గర్నుంచి ఎలీసమ్మకి ముద్ద దిగడం లేదు.

క్రిస్టీనా అమలాపురం సాలమోను మాస్టారి కూతురు. సినిమా తీయడం ఎక్కడో నేర్చుకుని వచ్చింది. నలుగురు స్నేహితుల్ని, అడిగి తెచ్చుకున్న కెమెరాని వెంటబెట్టుకుని ఒక చిన్న సినిమా తీసింది. దాని పేరు ‘పీచు’. పాటలు లేవు, ఫైట్లు లేవు, హీరో లేడు. కొబ్బరి ఎండబెట్టే ఇంట్లో ఒకావిడకి మతి కొంచెం కొంచెంగా చెదిరిపోతుంది, అంతే కథ. హాళ్లలోకి రాలేదు. కేరళలో ఏదో సినిమాల పండగలో వేశారట. ఇప్పటిదాకా చూసినవాళ్లందర్నీ తెచ్చి కూర్చోబెట్టినా పెళ్లిలో ఒక పంక్తికి సరిపోరు. ఆ మతి చెదిరిన ఆవిడగా వేసింది ఎలీసమ్మ.

“ఏవమ్మా హీరోయినూ, పీచు సినిమా ఏంటి, కాయంతా ఎవరు పట్టుకుపోయేరు?” అని అంబాజీపేట కొట్టు దగ్గర షావుకారు బాపిరాజు గారు నవ్వేవారు.

“కాయ మీకు వేసేస్తాం కదండి, మాకు మిగిలేది అదేనండి” అని ఎలీసమ్మ కూడా నవ్వేది. బాగా చేసిందని కేరళలో బహుమతిగా ఇచ్చిన అద్దం బిళ్లని క్రిస్టీనా తెచ్చి ఇస్తే టీవీ మీద పెట్టుకుంది. ఇప్పుడు దాని వైపు చూడబుద్ధి కావడం లేదు. ఆ సినిమాలో ఒళ్లు మాత్రమే తనది. మిగిలిందంతా కరుణది. అది ఎలీసమ్మకి తప్ప ఇంకొకరికి తెలియదు.

కరుణ ఆమె తోడికోడలు. అన్నదమ్ముల్లో పెద్దవాడు దానం పెళ్లాం ఎలీసమ్మ, చిన్నవాడు స్టీఫెన్ పెళ్లాం కరుణ. ఒకే వాకిట్లో పక్కపక్కన ఇళ్లు, మధ్యన భుజమెత్తు గోడ. గోడకి ఇటు ఎలీసమ్మ వంటిల్లు, అటు కరుణ వసారా. పొయ్యిలు వేరైనా పనులు వేరు కాలేదు. వాకిట్లో కొబ్బరి చిప్పలు ఎండబెట్టి కొట్లకి వేయడం రెండిళ్లకీ ఉమ్మడి. స్టీఫెన్ తాటిపాక గ్యాసు పనుల్లో కాంట్రాక్టరు కింద చేసేవాడు. ఇంటికొస్తే నిద్ర, లేస్తే డ్యూటీ.

కరుణ ఇంటరు దాకా చదివింది. పెళ్లికి ముందు ఆలమూరులో చిన్న బడిలో పాఠాలు చెప్పేది. ఈ ఇంటికి వచ్చాక ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఎక్కువగా ఒకటే, ఆయ్. మా వైపు ఆయ్ అంటే సరే అని. విన్నానని, వస్తున్నానని. మీ మాట కాదనేంతదాన్ని కాదని కూడా. పెద్దవాళ్లు పిలిస్తే ఊఁ అనడం నిర్లక్ష్యం, ఏంటి అనడం తలబిరుసు. ఆయ్ అంటేనే పెంపకం ఉన్నట్టు. “మా చిన్నకోడలికి ఆయ్ తప్ప ఇంకో మాట రాదండి” అని వాళ్ల అత్తగారు బతికున్నన్నాళ్లూ చుట్టాల దగ్గర చెప్పుకుని మురిసిపోయింది. అత్తగారు పోయాక ఇంటి పెత్తనం ఎలీసమ్మకి వచ్చింది. ఎలీసమ్మ మనసు చెడ్డది కాదు. గొంతు మాత్రం పెద్దది.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో కరుణ పిలవకుండానే పలకడం మొదలుపెట్టింది. వసారాలో పీట మీద కూర్చుని చిప్పల్లోంచి కొబ్బరి తీస్తూ తీస్తూ తల ఎత్తి “ఆయ్” అనేది. లేచి నాలుగడుగులు వేసి ఆగేది. కాసేపు నిలబడి మళ్లీ వచ్చి కూర్చునేది. అన్నం నోట్లో ఉన్నా “ఆయ్”. తల దువ్వుకుంటూ “ఆయ్, వస్తన్నానండి”. బియ్యం కడుగుతూ గోడ మీంచి చూసిన ఎలీసమ్మ ఒకసారి అడిగింది కూడా.

“ఎవరికే ఆయ్ అంటున్నావు? అక్కడెవరున్నారు?”

కరుణ నవ్వి “ఆయ్” అంది. ఎలీసమ్మకి కూడా నవ్వొచ్చింది. ఎలాగూ లేచావు కదా, ఆ ఉప్పు డబ్బా ఇలా అందించమంది.

స్టీఫెన్ ఒకసారి కాకినాడ తీసుకెళ్లి చూపించాడు. ఆ డాక్టరు గారు ఎక్కడో వేరే జిల్లా ఆయన. నిద్ర పడుతోందా అమ్మా అన్నారు. ఆయ్ అంది. అన్నం సయిస్తోందా అన్నారు. ఆయ్ అంది. మనసు బాగుంటోందా అన్నారు. ఆయ్. ఆయన బలానికి మాత్రలు రాసి పంపేశారు. “అన్నిటికీ ఆయ్ అందొదినా, ఏం లేదంట” అని స్టీఫెన్ బస్సు దిగుతూనే చెప్పాడు. అందరూ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు.

తర్వాత ఒక మధ్యాహ్నం నిప్పులు చెరిగే ఎండలో, మబ్బు తునక కూడా లేని పూట, కరుణ వాకిట్లో ఎండుతున్న కొబ్బరి మీద బరకం లాగి కప్పింది. బరకం అంటే వానకి చిప్పల మీద కప్పే పెద్ద పట్టా. కప్పి, ఆ పట్టా కింద తనూ దూరి కూర్చుంది. ఎలీసమ్మ వచ్చి చూసేసరికి లోపల్నుంచి ఆయ్, ఆయ్ అని వినబడుతోంది. లాగి బయటికి తెస్తే మనిషి నీళ్లలో ముంచి తీసినట్టుంది. “వానొస్తందన్నారు కదండి” అంది కరుణ.

అప్పుడు గాని ఎవరికీ అర్థం కాలేదు. ఈసారి మంచి వైద్యం దొరికింది. ఆలమూరులో పుట్టింట్లో ఉండి, మాత్రలు వేసుకుని, ఏడాది దాటాక తేరుకుని వచ్చింది. ఇప్పుడు సాయంత్రాలు వసారాలో పిల్లలకి ట్యూషను చెబుతోంది. వచ్చాక కరుణ ఆ రోజుల మాట ఎత్తలేదు. ఎలీసమ్మ కూడా ఎత్తలేదు. మాట ఎత్తకపోవడమే తను చేసిన మేలు అనుకుంది.

ఆ పుట్టింట్లో ఉన్న రోజుల్లోనే ‘పీచు’ తీశారు. కొబ్బరి ఎండే వాకిలి కావాలని క్రిస్టీనా వచ్చింది. ముందు అనుకున్న హీరోయిన్ హైదరాబాదు పిల్ల. ఎంత నేర్పినా ఆ పిల్ల ఆయ్ అంటుంటే దారిన పోయేవాళ్లకి హాయ్ చెప్తున్నట్టుంది. చూసి చూసి ఎలీసమ్మ ఉండబట్టలేక, “అలా కాదమ్మా” అని కరుణ వసారాలో కరుణ పీట మీద కూర్చుంది. తల ఎత్తింది. “ఆయ్” అంది. లేచింది, నాలుగడుగులు వేసింది, ఆగింది.

క్రిస్టీనా కళ్లల్లో నీళ్లు. “ఎవర్ని చూసి నేర్చుకున్నారు ఆంటీ?” అంది.

“ఎవర్నీ కాదు. నాకే అలా వచ్చేసింది” అంది ఎలీసమ్మ. ఆ మాట అన్న వెంటనే, ఏసుని నేనెరగనని బొంకిన పేతురు ఆమెకి గుర్తొచ్చాడు. అయినా వెనక్కి తీసుకోలేదు. పుట్టిన తర్వాత ఆమె చేసిన పనికి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు అంతకుముందు లేరు. తర్వాత బరకం సీను కూడా తనే చెప్పి చేయించుకుంది. వెలిసిన చీర కావాలంటే కరుణ ఇంటి తాళం తీసి దండెం మీది ఆకుపచ్చ చీర తెచ్చి కట్టుకుంది. పని అయ్యాక ఉతికి, మడతపెట్టి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

ఇప్పుడు ఆ చీర, ఆ పీట, ఆ వసారా చర్చి పక్క హాల్లో గోడంత తెర మీద కనబడబోతున్నాయి. కరుణ చూస్తే ఏమవుతుంది? మళ్లీ మతి చెదిరితే? చెదరకపోయినా, నా జబ్బుని నలుగురికీ చూపించి అద్దం బిళ్ల తెచ్చుకున్నావా అంటే ఏం చెప్పాలి?

ఎలీసమ్మ బస్సెక్కి అమలాపురం వెళ్లి క్రిస్టీనాకి జరిగింది చెప్పింది. “ఆ ఆయ్ అనేవి తీసెయ్యమ్మా. ఎక్కడెక్కడున్నాయో కత్తిరించెయ్.”

క్రిస్టీనా తల అడ్డంగా ఊపింది. “అవి తీసేస్తే మిగిలేది వాకిలి, కొబ్బరి. అది కాదాంటీ, అసలావిడకి తెలియకుండా ఇన్నాళ్లు నేను తిప్పేనా ఈ సినిమాని? మీరెళ్లి అడగండి. ఆవిడ వద్దంటే ఇక్కడేంటి, ఎక్కడా వేయను. నేనే రానా?”

“వద్దొద్దు, నేనే అడుగుతాను.”

ఇంటికొచ్చి గోడ చుట్టూ తిరిగి కరుణ గుమ్మం ముందు నిలబడింది. కరుణ పిల్లల పలకలు తుడిచి సర్దుతోంది. ఎలీసమ్మని చూసి కంగారుగా లేచింది.

“ఏంటక్కా, నువ్వొచ్చేవు? పిలిస్తే నేనే వద్దును కదా.”

ఎలీసమ్మ నోరు తెరిచింది. అడగవలసిన మాట నాలిక మీదే ఉంది. కరుణ మొహం తేటగా ఉంది. కళ్ల కింద నలుపు పోయింది. ఇంత బాగున్న మనిషిని మళ్లీ ఎందుకు కెలకడం అనిపించింది. అది దయ అనుకుంది గాని, భయమని లోపల తెలుసు.

“కరేపాకు ఉందేమోనని” అంది.

కరుణ రెబ్బలు తుంచి ఇచ్చింది. ఎలీసమ్మ ఇంటికొచ్చి క్రిస్టీనాకి ఫోన్ చేసింది.

“అడిగేను.”

“ఏమన్నారాంటీ?”

ఎలీసమ్మకి వెంటనే అబద్ధం తట్టలేదు. తట్టిన మాట ఒక్కటే. “ఆయ్ అంది.”

“ఆయ్ అంటే సరే అనే కదా?”

“సరే అనే.”

కరుణని సినిమాకి రానివ్వకుండా చూసుకుంటే చాలనుకుంది. “దాంట్లో ఏవీ లేదే. పాటలు కూడా లేవు. మనిషి కూర్చుంటుంది, లేస్తుంది, అంతే. తలనొప్పి” అంది.

“నువ్వున్నావు కదక్కా. నీకోసం వస్తాను” అంది కరుణ.

ఆదివారం ఆరాధన అయ్యి, మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. జనం బాగానే వచ్చారు. సగంమంది ఎలీసమ్మని తెర మీద చూసి నవ్వుకోవడానికి వచ్చినవాళ్లే. ఎలీసమ్మ చివరి వరసలో కూర్చోబోతే కరుణ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్లింది. ఇద్దరూ కూర్చున్నాక క్రిస్టీనా వచ్చి కరుణ ముందు గొంతుక్కూర్చుంది. కరుణ రెండు చేతులూ పట్టుకుంది.

“ఆంటీ, మీరు ఒప్పుకున్నందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. చాలా పెద్ద మనసు మీది.”

కరుణ క్రిస్టీనా వైపు చూసింది. తర్వాత తల తిప్పి ఎలీసమ్మ వైపు చూసింది, చాలాసేపు. మళ్లీ క్రిస్టీనా వైపు తిరిగింది.

“ఆయ్” అంది.

దీపాలు ఆర్పేశారు. తెర మీద వాకిలి, ఎండ, కొబ్బరి. “మన కాలవ, మన కాలవ” అని ఎవరో గుర్తుపట్టారు. ఎలీసమ్మ తెర మీదికి రాగానే వెనకనుంచి కుర్రాళ్లు ఈల వేశారు. “పిన్నిగారూ, కొంచెం నవ్వండీ” అన్నారొకరు.

“నా చీర” అంది కరుణ. పక్కనున్న ఎలీసమ్మకి తప్ప వినబడనంత నెమ్మదిగా అంది.

తెర మీద ఆవిడ పీట మీద కూర్చుని తల ఎత్తింది. “ఆయ్.” హాలు నవ్వింది. లేచి నాలుగడుగులు వేసి, ఆగి, గుమ్మం వైపు చూసింది. మళ్లీ కూర్చుంది. “ఆయ్.” ఈసారి కొంతమందే నవ్వారు. ఆ తర్వాత నవ్వు వినబడలేదు. ఎండలో బరకం లాగి కప్పుకున్నప్పుడు, లోపల్నుంచి ఆ మాట ఒక్కటే పైకి వస్తుంటే, వెనక ఎవరో ముక్కు చీదడం వినబడింది. ఎలీసమ్మ తెర చూడలేదు. కరుణ ఒళ్లో చేతులు చూస్తూ కూర్చుంది. ఆ చేతులు కదల్లేదు.

దీపాలు వెలిగాక జనం చుట్టూ మూగారు. పొద్దున్న వాక్యం చెప్పిన అయ్యగారు ఎలీసమ్మ తల మీద చెయ్యి పెట్టారు. “మంచి వరం ఇచ్చేడమ్మా నీకు దేవుడు” అన్నారు. ఎలీసమ్మకి ఆ చెయ్యి తీసేస్తే బాగుండుననిపించింది.

ఇద్దరూ కాలవ గట్టు పట్టుకుని ఇంటికి నడిచారు. పొద్దు ఇంకా ఉంది గాని పడమట మబ్బు పడుతోంది.

“నేను దేనికి ఒప్పుకున్నానక్కా?” అంది కరుణ.

ఎలీసమ్మ అంతా చెప్పింది. కరివేపాకు సంగతి, ఫోను సంగతి, చీర సంగతి. చెబుతూ చెబుతూ గట్టు మీద ఆగిపోయింది. “నిన్ను ఆడించి చూపించేను జనానికి. నన్ను తిట్టు. కొట్టినా పడతాను” అంది.

“నువ్వు చేస్తే గాని నాకు తెలియలేదక్కా, నేనెలా ఉండేదాన్నో. అందరూ జబ్బంటే జబ్బనుకున్నాను. ఇవాళ చూసేను” అంది కరుణ. “బాగానే చేసేవు. ఒక్కటే తప్పు.”

“ఏంటే?”

“ఆయ్ అని లేచి నువ్వు గుమ్మం వైపు చూసేవు. నేను గుమ్మం వైపు ఎప్పుడూ చూడలేదు. గోడ వైపు చూసేదాన్ని.”

ఎలీసమ్మకి ముందు అర్థం కాలేదు. గోడకి అవతల ఎవరుంటారు? గోడకి అవతల ఉండేది వంటిల్లు. తన వంటిల్లు.

“ఎవరు పిలిచేవారే నిన్ను?”

“నువ్వే.”

కరుణ గొంతులో కోపం లేదు. పిల్లలకి లెక్క విడమరిచి చెప్పినట్టు చెప్పింది. “కరుణా, నీళ్లు పట్టు. కరుణా, చిప్పలు తిరగెయ్. కరుణా, వానొస్తంది, బరకం కప్పు. నువ్వు కసరలేదు, తిట్టలేదు. పిలిచేదానివి, అంతే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పిలిచేదానివి. తర్వాత తర్వాత నువ్వు ఊళ్లో లేనప్పుడు కూడా పిలుపు వినబడేది. ఏది నిజంగా పిలిచిందో ఏది కాదో నాకు తెలిసేది కాదు. అన్నిటికీ పలికితే తప్పు రాదు కదా అనుకున్నాను.”

“మరి చెప్పలేదేమే? నేను అడిగేను కదా ఒకసారి, ఎవరికే ఆయ్ అంటున్నావని?”

“అడిగేవు. అడిగి ఉప్పు డబ్బా అందించమన్నావు.”

ఎలీసమ్మకి అప్పుడొకటి గుర్తొచ్చింది. సినిమా తీసిన రోజుల్లో క్రిస్టీనా అడిగింది, ఆవిడ ఎవరికి పలుకుతోందనుకుంటున్నారు ఆంటీ అని. ఎవరికీ కాదు, ఉత్తినే అని చెప్పింది తను. తను పిలిచిన పిలుపుకి తనే పలికి, ఎవరూ లేరని చెప్పి, బిళ్ల తెచ్చుకుంది.

వాకిట్లోకి వచ్చేసరికి గాలి మారింది. కొబ్బరి ఇంకా ఆరుబయటే ఉంది. కరుణ ఏమీ అనకుండా తన ఇంట్లోకి వెళ్లిపోయింది. దానం ఊళ్లో లేడు. ఎలీసమ్మ గబగబా బరకం తీసి ఒక కొస పట్టుకుంది. అది ఒక మనిషి పని కాదు. ఇటు లాగితే అటు గాలికి లేచిపోతోంది. అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగింది. గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. “క” అన్నంతవరకు వచ్చింది నోట్లో.

పళ్లు బిగబట్టుకుంది.

బరకం మీద రాయి పెట్టి, గోడ చుట్టూ తిరిగి వెళ్లి కరుణ గుమ్మం ముందు నిలబడింది. కరుణ పొయ్యి దగ్గర ఉంది.

“వానొచ్చేలా ఉంది. నీకు వీలుంటే...” అంది ఎలీసమ్మ. అలా అడగడం నోటికి అలవాటు లేదు. మాట పూర్తి కాలేదు.

కరుణ వెనక్కి తిరిగి చూసింది. ఆయ్ అనలేదు. “అన్నం వార్చాలక్కా” అంది.

ఎలీసమ్మ వాకిట్లోకి తిరిగి వచ్చింది. చినుకులు మొదలయ్యాయి. తడిసిన కొబ్బరి నల్లబడుతుంది, వాసన వేస్తుంది, బాపిరాజు గారు చేత్తో పక్కకి తోసేస్తారు. అదంతా ఆమెకి తెలుసు. తన కొస పట్టుకుని, రెండో కొస నేల మీద కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడింది. వాన నెత్తి మీంచి కారుతోంది. గోడవతల గంజి వారుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఎప్పుడాగుతుందా అని చెవులు అటే పెట్టింది గాని, పిలవలేదు.

మట్టపర్తి పైడమ్మ, అరవై తొమ్మిదేళ్లు, ఇప్పుడు ఉండేది తాటిపాకలో మా అమ్మాయి దగ్గర.